పుర్రచెయ్యి వాటమున్నోళ్లకు పోలో వస్తదా? తెలిసినోళ్లు జర చెప్పుండ్రి

అందరికి నమస్తే. మాది నకిరేకల్ దిక్కు ఊరు, మాస్టర్స్ చేద్దామని ఇంగ్లండ్ వచ్చిన. ఇక్కడ యూనివర్సిటీల పోలో (గుర్రమెక్కి కట్టెతోని బాల్ కొట్టే ఆట) క్లబ్ ఉంది, గుర్రం మనకు సొంతంగ ఉండక్కర్లే వాళ్లే ఇస్తరు అంటే సరదాకి పేరిచ్చిన. నేను గుర్రమెక్కింది జిందగీల ఒక్కసారే, అది గూడ మా అన్న బరాత్‌ల, అన్న దిగినంక ఫొటో కోసం.. బ్యాండోళ్లు షురూ చెయ్యంగనే అది ఎగిరింది, నా చెప్పు మోరీల పడ్డది.

మొదటి రోజు కట్టె గుర్రం మీద కూసోబెట్టి కొట్టుడు నేర్పిండ్రు. మాలెట్, అంటే బాల్ కొట్టే పొడుగు కట్టె, సుత్తె లెక్కనే ఉంటది గని సుత్తె లెక్క కొట్టొద్దట, దాని తలకాయ పక్క భాగంతోని కొట్టాలె. అసలు కష్టం ఏందంటే నాది పుర్రచెయ్యి, క్రికెట్ గూడ అట్లనే ఆడుత, ఈ ఆటలనేమో రూల్ ప్రకారం మాలెట్ కుడిచేత్తోనే పట్టాలె, లేకుంటే ఎదురెదురు వచ్చే గుర్రాలు గుద్దుకుంటయట. కళ్లెం ఎడమ చేతిల. పది సార్లు ఊపితే ఒక్కసారి బాల్‌కు తగుల్తుంది, మణికట్టు వాసింది.

పుర్రచెయ్యోళ్లు ఎవరన్న నేర్చుకున్నరా, ఎన్ని నెలలు పట్టింది? రూంల ఏం ప్రాక్టీస్ చెయ్యాలె? మ్యాచ్‌ల ఒక్కో చక్కర్ (ఆటల ఒక్కో భాగం) 7 నిమిషాలే అంటరు, నాకు ఊకె నడిపిస్తెనే తొడలు ఒరుసుకపోతున్నయి, దానికి ఏం ఏస్కోవాలె? హెల్మెట్ క్లబ్‌ది వాడుతున్న, బూట్లు సెకండ్‌హ్యాండ్‌వి కొనొచ్చా? అమ్మకైతే ఇంక చెప్పలే, జిమ్ అని చెప్పిన.