లూపస్ (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడిచేసే జబ్బు) కోసం చేసే యాంటీ-డీఎస్‌డీఎన్‌ఏ యాంటీబాడీ పరీక్ష ఒకచోట పాజిటివ్, ఇంకోచోట నెగటివ్. దేన్ని పట్టుకోవాలి?

మాది కావలి. మా చెల్లికి 27 ఏళ్లు. నాలుగు నెలలుగా వేళ్ల కణుపుల్లో నొప్పి, పొద్దున లేచాక గంటసేపు గుప్పిట పట్టలేదు. ఎండలోకి వెళ్తే బుగ్గలు ఎర్రబడతాయి. మా వైపు ఎండ సంగతి తెలిసిందేగా, గొడుగు వేసినా ఆగట్లేదు.

ఏఎన్‌ఏ (కణకేంద్రకం మీది యాంటీబాడీల పరీక్ష) 1:320, హోమోజీనియస్. జూన్ 4న ఒంగోలులో ఎలైసా పద్ధతిలో యాంటీ-డీఎస్‌డీఎన్‌ఏ 92 వచ్చింది (ఆ ల్యాబు హద్దు 30). జూన్ 19న నెల్లూరులో క్రితిడియా స్లైడు మీద చేస్తే నెగటివ్. పొరపాటేమోనని మళ్లీ ఒంగోలులోనే చేయించాం, 88. యూ1-ఆర్‌ఎన్‌పీ అనే ఇంకో యాంటీబాడీ పరీక్ష నెగటివ్. సీ3, సీ4 (రక్తంలోని కాంప్లిమెంట్ ప్రొటీన్లు) నార్మల్, మూత్రంలో ప్రొటీన్ లేదు. ఇక్కడి ఫిజీషియన్ రాసిన హైడ్రాక్సీక్లోరోక్విన్ 200 ఆరు వారాలుగా రోజూ వేసుకుంటోంది.

రెండు ల్యాబులకీ ఫోన్ చేశాను. "మా రిపోర్టు కరెక్టే" అన్నారు, అంతే. నేను చదివినంతలో, క్రితిడియా అనే ఏకకణ జీవిలో రెండు పేటల డీఎన్‌ఏ ముద్దగా ఉంటుంది, దానికి గట్టిగా అతుక్కునే యాంటీబాడీలే ఎక్కువగా కనిపిస్తాయి. ఎలైసా వదులుగా అతుక్కునేవాటినీ పట్టేస్తుంది. అలాగైతే రెండు రిపోర్టులూ నిజమే కావచ్చు, అదే టెన్షన్. రుమటాలజిస్టు అపాయింట్‌మెంట్‌కి ఇంకా మూడు వారాలుంది. మందు మాత్రం ఆపట్లేదు.

ఇలాగే ఎలైసా పాజిటివ్, క్రితిడియా నెగటివ్ వచ్చినవాళ్లు ఉంటే, తర్వాతి పరీక్షలు ఏ పద్ధతిలో చేయించమని మీ డాక్టరుగారు చెప్పారు?