పేజీ అడుగు మూలనున్న ఆ ఒక్క మాటను తెలుగులో ఏమందాం?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మాలి దేశంలోని టింబక్టు తాళపత్రాల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. ఆకు వెనకవైపు, అడుగున ఎడమ మూల, తర్వాతి పేజీలో రాబోయే మొదటి మాటను రాసి పెట్టేవారట. ఇంగ్లీషులో క్యాచ్‌వర్డ్ అంటున్నారు. మనం బళ్లో చదువుకున్న ముక్తపదగ్రస్తం ఇదే కదా? ఆ పేరే వాడేద్దామనుకుంటున్నాను.

జవాబు:
తమ్ముడూ, ముందు ఒక సవరణ. తాళపత్రం అంటే తాటాకు. టింబక్టువి కాగితాలు, కలంతో సిరా రాతలు. పాత పుస్తకం అనగానే మనకు తాటాకే కళ్లముందు మెదులుతుంది కాబట్టి ఈ పొరపాటు తేలిగ్గా దొర్లుతుంది. రాతప్రతి అని రాయి, చాలు.

నీ ప్రశ్నకు కూడా జవాబు ఇక్కడే ఉంది. తాటాకుకు చిల్లు పొడిచి, తాడు గుచ్చి కట్ట కడతాం. అక్కడ చాలా ప్రతులకు కుట్టు లేదు. విడి కాగితాలను పేర్చి తోలు అట్టలో పెట్టి చుట్టేవారు. చేయి జారితే వరస గల్లంతే. మళ్లీ వరసలో పెట్టేది ఆ మూలనున్న మాటే.

ముక్తపదగ్రస్తంలో కవి ఒక పాదం చివర విడిచిన పదాన్ని తర్వాతి పాదం మొదట్లో తానే మళ్లీ అందుకుంటాడు. రెండుసార్లూ చదవాలి, అందం అందులోనే ఉంది. ఇక్కడ అలా కాదు. పేజీ "పొద్దున్నే బయలుదేరిన" అని ఆగిపోయిందనుకో. కింద మూల "బాటసారి" అని ఉంటుంది. తర్వాతి పేజీ "బాటసారి బావి దగ్గర ఆగాడు" అని మొదలవుతుంది. మూలనున్నదాన్ని కంటితో సరిచూసుకుంటామే తప్ప చదవం. అరబ్బీలో దీన్ని తఅకీబా అంటారు. మడమ అనే మాటకు దగ్గరి చుట్టం, వెన్నంటి వచ్చేదని భావం.

మనకు పేపర్లు అలవాటు చేసిన మాట ఉండనే ఉంది: "తరువాయి 2వ పేజీలో". నా ఓటు "తరువాయి మాట"కే.

ఇంకొకరు:
"కొసమాట" అంటే?

జవాబు:
కొసమాట అంటే చివరి మాట అనుకుంటారండీ. ఇది రాబోయే మొదటి మాట.

ఇది చిన్న విషయం కాదని ఎందుకంటున్నానంటే, ఆ ఊళ్లో ఎత్తిరాత, అంటే ఒక పుస్తకాన్ని చూసి మరో ప్రతి రాయడం, ఒక పెద్ద వృత్తి. 16వ శతాబ్దంలో ఇబ్న్ సీదా అరబ్బీ నిఘంటువు 'ముహ్కమ్'ను అక్కడ 28 సంపుటాలుగా రాయించారు. రాసినవాడికి బంగారంలో జీతం, సరిచూసినవాడికి అందులో సగం. ఆ లెక్క కూడా ప్రతుల చివరే రాసిపెట్టారు! నిఘంటువు కోసం అంత ఖర్చు పెట్టిన ఊరంటే భాష మీద ప్రేమ ఉన్న ఎవరికైనా మనసు నిండుతుంది. 1594లో మొరాకో సైన్యం బందీగా పట్టుకుపోయిన పండితుడు అహ్మద్ బాబా, తన 1,600 పుస్తకాలు పోయాయని, తమ బంధువులందరిలో తనదే చిన్న గ్రంథాలయమని చెప్పుకున్నాడు.

2012లో సాయుధ మూకలు ఊరిని ఆక్రమించాక, ఈ విడి కాగితాలనే ఇనప ట్రంకు పెట్టెల్లో సర్ది, జీపుల్లో, నైజర్ నది మీద పడవల్లో రాజధాని బమాకోకి రహస్యంగా చేరవేశారు. ఆ కుదుపులకు ఎన్ని కట్టల వరస చెదిరిందో ఊహించండి. తీసి సర్దేవాళ్లకు ముందుగా దారి చూపించేది ఈ మూల మాటే.

ప్రశ్న అడిగినవారు:
అక్కా, తాళపత్రం అని పదకొండు చోట్ల రాశాను, అన్నీ మార్చేశాను. మొదటిసారి వచ్చినచోట "తరువాయి మాట" పక్కనే తఅకీబా కూడా ఉంచుతున్నాను.