ఎయిర్‌పోర్టు భోగాపురంలో, అద్దె పెంపు దాసన్నపేటలో: ఇది న్యాయమేనా?

అద్దెకాపురం:
విజయనగరం దాసన్నపేటలో మేడ మీద డబుల్ బెడ్‌రూం పోర్షన్‌లో నాలుగేళ్లుగా ఉంటున్నాం. అద్దె 7,000. పోయిన నెల 25న ఓనరు గారు మెట్ల దగ్గర ఆపి, "ఒకటో తారీఖు నుంచి తొమ్మిదిన్నర ఇవ్వండి బాబూ" అన్నారు. ఎందుకండీ అంటే భోగాపురం ఎయిర్‌పోర్టు అన్నారు. అది మాకు ఇరవై కిలోమీటర్ల పైమాటే. నేను విమానం ఎక్కిందీ లేదు, మా వంటింటి గోడకి చెమ్మ ఆగిందీ లేదు. ఆ ఎయిర్‌పోర్టుకి 2019 ఫిబ్రవరిలో ఒక శంకుస్థాపన, 2023 మేలో ఇంకొకటి జరిగాయి. రెండిటికీ అద్దె పెంచిన ఓనర్లని చూశాను. కాగితం ఏమీ లేదు, అంతా నోటిమాటే. ఇది న్యాయమేనా?

మేడమీద మాస్టారు:
నేనూ ఓనర్నే, తిట్టేముందు లెక్క వినండి. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో 24 లక్షలు పెట్టి పై అంతస్తు వేశాను. 9,500 అద్దె వస్తే ఏడాదికి 1,14,000. అంటే నూటికి ఐదు రూపాయలు కూడా కాదు. బ్యాంకులో పడేసి కూర్చుంటే అంతకన్నా ఎక్కువ వచ్చేది, మేకులు కొట్టి గోడలు పాడుచేసేవాళ్లూ ఉండరు. పైగా 2021 ఏప్రిల్ నుంచి ఇంటిపన్ను అద్దె విలువ మీద కాదు, ఆస్తి విలువ మీద వేస్తున్నారు. ఏటా 15 శాతం దాకా పెరుగుతోంది. నాలుగేళ్లు 7,000కే ఉన్నారంటే మీ ఓనరు మంచాయనే.

అద్దెకాపురం:
మాస్టారూ, మంచాయన కాదని నేనెక్కడ అన్నాను? పండక్కి అరిసెలు పంపిస్తారు. కానీ నెలకి 2,500 పెంపంటే ఏడాదికి 30,000. ఇంటిపన్ను అంత పెరిగిందా? మీరే చెప్పండి.

సీజన్ టికెట్:
నాది రైల్వే ఉద్యోగం, ఇల్లు కంటోన్మెంట్‌లో. విశాఖలో ఇలాంటి ఇంటికి దీనికి రెట్టింపు అడుగుతారు, అందుకే ఇక్కడే ఉండి రోజూ రైల్లో వెళ్లొస్తున్నాను. వెనకటికి మనూరి ఓనర్లు "ఇది విశాఖ కాదు కదండీ" అని మొహమాటపడుతూ అద్దె చెప్పేవారు. ఇప్పుడు "విశాఖ ఎంతోదూరం లేదు కదండీ" అంటున్నారు. మా హెచ్ఆర్‌ఏకి (ఉద్యోగులకిచ్చే ఇంటి అద్దె భత్యం) మాత్రం ఆ దగ్గరతనం తెలీదు. 2024 జనవరి నుంచి అక్కడ మూల వేతనంలో 20 శాతం, ఇక్కడ 10 శాతం. ఇంకో తమాషా. అద్దె ఏడాదికి లక్ష దాటితే హెచ్ఆర్‌ఏ మీద పన్ను మినహాయింపుకి ఓనరు పాన్ నంబరు చూపించాలి. మా ఓనరు 9,000 తీసుకుని రసీదు 8,300కి రాస్తారు. పన్నెండు నెలలు గుణించి చూసుకోండి.

మేడమీద మాస్టారు:
అలాంటివాళ్లతో నన్ను కలపకండి. నేను ప్రతి పైసా రిటర్నులో చూపిస్తాను.

గాజులరేగ:
మీకు ఇల్లయినా దొరికింది. 2023లో ఇక్కడ మెడికల్ కాలేజీ మొదలైంది కదా, అప్పట్నుంచి మావైపు టు-లెట్ బోర్డు పొద్దున్న కడితే సాయంత్రానికి తీసేస్తున్నారు. నేను, మా అమ్మ పదకొండు ఇళ్లు చూశాం. అద్దె అడిగేలోపే "మీరేవిట్లు?" అని కులం ప్రశ్న. ఒకావిడ గదులన్నీ చూపించి, కుళాయి తిప్పి నీళ్లు కూడా చూపించి, మా ఇంటిపేరు విన్నాక "మా అబ్బాయిని అడిగి చెప్తానమ్మా" అంది. రెండు నెలలైంది, ఆ అబ్బాయి ఇంకా చెప్పలేదు. చివరికి ఆ ప్రశ్న అడగని ఇంట్లో 1,500 ఎక్కువిచ్చి చేరాం. ఈ 1,500 ఏ ఎయిర్‌పోర్టు ఖాతాలో రాసుకోవాలండీ?

కరెంటు లెక్క:
అద్దెకాపురం గారూ, మీకు సొంత మీటరుందా, సబ్ మీటరా?

అద్దెకాపురం:
సబ్ మీటరే. యూనిట్ పది రూపాయలు. నెలకి 110 యూనిట్లు అవుతాయి, 1,100 ఇస్తాను.

కరెంటు లెక్క:
అద్దె సంగతి తర్వాత, ముందు ఇది చూడండి. 2022 స్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకి 1.90, తర్వాత 75 దాకా 3.00, 125 దాకా 4.50. అంటే 110 యూనిట్లకి 349.50. సర్దుబాటు చార్జీలు, సుంకం వేరు, వాటిని కలిపినా 1,100 దగ్గరికి రాదు. ఒకవేళ మీలాంటి మూడు పోర్షన్లు ఒకే మీటరు మీద ఉంటే 330 యూనిట్లు. 225 దాకా 6.00, ఆ పైన 8.75 పడుతుంది. అలా చూసినా మొత్తం 1,936, యూనిట్‌కి ఆరు కూడా కాదు. అప్పుడు ముగ్గురి దగ్గరా వసూలయ్యేది 3,300.

మేడమీద మాస్టారు:
మోటారు, మెట్ల లైటు ఎవరు కడతారు? అవీ అందులోంచే పోవాలి కదా. అయినా పది మరీ ఎక్కువే, ఒప్పుకుంటాను. నేను ఏడు తీసుకుంటున్నాను. రేపు లెక్క చూస్తాను.

సీజన్ టికెట్:
వారం నోటీసు కూడా మామూలైపోయింది. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో అద్దె పెంచాలంటే మూడు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలనీ, అడ్వాన్సు రెండు నెలల అద్దెకి మించకూడదనీ ఉంది. అది నమూనా మాత్రమే, దాన్ని పట్టుకెళ్లి ఓనరు మొహాన పెట్టకండి. కనీసం పదకొండు నెలల అగ్రిమెంటు రాయించుకుని, పెంపు ఎంతో అందులోనే వేయించండి. ఏడాది లోపయితే రిజిస్ట్రేషన్ అక్కర్లేదనుకుని అందరూ పదకొండు దగ్గర ఆపుతారు, కానీ మన రాష్ట్రంలో పదకొండు నెలల అగ్రిమెంటుకీ రిజిస్ట్రేషన్ తప్పనిసరే.

గాజులరేగ:
ఇంకో మాట. బేరం శూన్యమాసంలో ఆడండి. అప్పుడు ఎవరూ పాలు పొంగించరు, మీరు ఖాళీ చేస్తే ఇల్లు నెలంతా తాళమే. స్కూళ్లు తెరిచేముందు అడిగితే మాత్రం ఓనరు మన మొహం కూడా చూడడు.

అద్దెకాపురం:
నిన్న మూడు నెలల సబ్ మీటరు ఫొటోలు పట్టుకుని కిందికి వెళ్లాను. ఓనరు గారు కళ్లజోడు పెట్టుకుని అంతా చూశారు. కోప్పడలేదు. "నాకీ స్లాబుల గొడవ తెలీదు బాబూ, మా అల్లుడు పది అన్నాడు, పది తీసుకున్నాను" అన్నారు. అద్దె 8,500, నా పోర్షన్‌కి వేరే మీటరు, దాని ఖర్చు చెరిసగం అన్న దగ్గర ఆగాం. కాగితం మాటెత్తితే "మన మధ్య కాగితాలేటి?" అన్నారు. ఆషాఢంలో మళ్లీ అడుగుతాను. కరెంటు లెక్క గారూ, కొత్త మీటరుకి అద్దెకున్నవాళ్లు దరఖాస్తు పెట్టొచ్చా, ఓనరే పెట్టాలా?