నాన్నగారి కోసం పాత ఆకాశవాణి రోజు: ఏ వరసలో ఏం వచ్చేవి?

రేపల్లె వాసి: మా నాన్నగారు ఇప్పుడు బెంగళూరులో మా దగ్గరే ఉంటున్నారు. చూపు బాగా తగ్గింది, టీవీ జోలికి పోరు. చిన్నప్పటి నుంచీ విజయవాడ కేంద్రం విన్న మనిషి. ఫోన్‌లో ఘంటసాల పాటలు, అన్నమయ్య కీర్తనలు పెడితే అరగంట విని "ఇంక చాల్లేరా" అంటున్నారు. పొద్దున్నుంచి రాత్రి దాకా పాత రేడియోలాగా ఒక ప్లేలిస్ట్ చేద్దామని ఉంది. గుర్తున్నవాళ్లు వరస చెప్పగలరా? బోర్ కొట్టేవి తీసేసి మంచివి మాత్రం పెడతాను.

కత్తెర తాత, తెనాలి: బాబూ, నీ ఆఖరి మాట దగ్గరే నాకు పేచీ. ముందు వరస చెప్తాను, పేచీ తర్వాత.

నాది టైలరింగ్ షాపు, ఇప్పుడు మావాడు చూస్తున్నాడు. పెళ్లిళ్ల సీజన్లో తెల్లారకుండానే షాపు తెరిచేవాళ్లం. మొదట ఆ తంబుర, వయొలిన్ల ట్యూను. హిట్లర్ బాధ పడలేక బొంబాయి చేరిన వాల్టర్ కాఫ్‌మన్ అనే ఆయన కట్టాడట దాన్ని. తర్వాత వందేమాతరం, మంగళధ్వని, ఆపైన భక్తిరంజని. అది బాలాంత్రపు రజనీకాంతరావు గారి చలవ. 6.55కి సంస్కృత వార్తలు. "ఇయమ్ ఆకాశవాణీ" అని బలదేవానంద సాగర్ మొదలుపెడితే షాపులో ఒక్కరికీ ముక్క అర్థమయ్యేది కాదు. అయినా ఎవరూ కట్టేవారు కాదు, దాని వెనకే ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు కదా.

పన్యాల రంగనాథరావు, కందుకూరి సూర్యనారాయణ, అద్దంకి మన్నార్ గార్ల గొంతు వస్తే మిషన్ తొక్కడానికి లేదు. చప్పుడుకి వార్త వినపడదు. అందుకని కాజాలు, గుండీలు, చేతి హెమ్మింగు ఆ టైముకి దాచుకునేవాళ్లం. లలిత సంగీతం వస్తే మళ్లీ మిషన్.

మధ్యాహ్నం కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం కబుర్లు. ధరవరల్లో దుగ్గిరాల పసుపు మాట వినపడిందంటే బల్ల మీది రైతు మమ్మల్నందర్నీ నోరు మూయించేవాడు. ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ గారు. ఆ టైముకి కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు కూడా కదిలేవాళ్లు కాదు, మెళ్లో టేపు నాకు, చెవి ఆయనకు. రామాయణం చెప్తూ చెప్తూ వినేవాళ్లకి నాలుగు చీవాట్లు కూడా వేసేవారు. భలే మనిషి.

ఇక పేచీ. శనివారం రాత్రి 9.30కి ఢిల్లీ నుంచి సంగీత జాతీయ కార్యక్రమం వచ్చేది, 1952లో మొదలైంది. నాకేమో చిర్రెత్తేది. ఆ ఆలాపన ఎప్పుడు అయిపోతుందిరా దేవుడా అనుకునేవాణ్ణి. మా మాస్టారు కట్టనిచ్చేవాడు కాదు. చొక్కాలు కుడుతూ కుడుతూ అలా హిందుస్తానీ గాయకుడు భీమ్‌సేన్ జోషి నా చెవిన పడ్డాడు. నన్ను అడిగితే ఏనాడైనా పెట్టమందునా? మీ నాన్నగారు "చాల్లేరా" అంటున్నది పాట బాగాలేక కాదు బాబూ, తర్వాత ఏం వస్తుందో తెలిసిపోయి. ఆ ధరవరలూ, వాతావరణమూ, అర్థం కాని సంస్కృతమూ ఉంచు.

నల్లకుంట పిన్ని: తాతగారూ, మీరు చెప్పింది బానే ఉంది గానీ మరీ అంత ముద్దు చేయకండి. మా ఇంట్లో రేడియో చెవి మెలిపెట్టే హక్కు మా నాన్నొక్కడికే. ఆయన ఆఫీసుకి పోగానే మేం రేడియో సిలోన్‌కి తిప్పేసేవాళ్లం, మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు పాటల కోసం. కేస్కర్ కేంద్రంలో సమాచార ప్రసార మంత్రిగా ఉన్న రోజుల్లో సినిమా పాటలకి ఆకాశవాణి తలుపులు మూస్తే జనం సిలోన్‌కే పోయారు కదా. 1957 అక్టోబర్‌లో వివిధభారతి పెట్టింది అందుకే. మధ్యాహ్నం ప్రసంగాలు కొన్ని నిజంగా నిద్రమాత్రలు. నాకు దిగులుగా గుర్తొచ్చేది పిల్లల కార్యక్రమం బాలానందం ఒక్కటే. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు, అక్కయ్య కామేశ్వరి గారు మాట్లాడుతుంటే మా ఇంటికి వచ్చి మాట్లాడినట్టే ఉండేది.

837: ప్లేలిస్ట్ ఎందుకండీ, విజయవాడ ఇంకా వస్తోంది కదా. ఆకాశవాణి వాళ్ల న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో లైవ్ పెట్టి, ఒక బ్లూటూత్ స్పీకర్ కలపండి. పాత రోజు అచ్చంగా ఉండదు గానీ వరస ఇప్పటికీ కలగాపులగమే. మామూలు రేడియో కొంటే విజయవాడ మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్. బెంగళూరులో పగలు ఆశ పెట్టుకోకండి. రాత్రిళ్లు ఆకాశంలో పై పొరకి తగిలి తిరిగొస్తుంది కాబట్టి అందే అవకాశం ఉంది. బుర్రుమంటే ఎల్ఈడీ బల్బులూ, ఫోన్ ఛార్జర్లూ ఆపి చూడండి, సగం గోల వాటిదే. రేడియోని బల్ల మీద మెల్లగా తిప్పండి. లోపలి ఏరియల్ కడ్డీకి దిక్కుతో పని.

రేపల్లె వాసి: యాప్ పెట్టాను. నాన్నగారు స్పీకర్ పక్కన కుర్చీ వేయించుకున్నారు. ఒక డౌట్: మధ్యలో వ్యవసాయం సంగతులు వస్తున్నాయి, ఆయనకి పొలం ఎప్పుడూ లేదు. అప్పుడు మార్చమంటారా?

కత్తెర తాత, తెనాలి: నాకూ పొలం లేదు బాబూ. అయినా వరికి దోమ పోటు వస్తే ఏం చేయాలో నన్నడుగు, ఇప్పటికీ చెప్తాను. స్పీకర్ బటన్ ఆయన చేతికిచ్చి నువ్వు ఆఫీసుకి పో.