గంటసేపు నీళ్లొదిలితే కరెంటు ఆదా అవుతుందా? చర్చ

మొదటి కుళాయి:
రోజుకు గంటో రెండు గంటలో నీళ్లొదిలే పద్ధతి తీసేసి 24 గంటలూ ఇవ్వాలని అందరూ అంటుంటారు. నేను ఒప్పుకోను. ఎప్పుడు తిప్పినా నీళ్లొస్తే జనం లెక్కాపత్రం లేకుండా వాడేస్తారు. టైం ప్రకారం ఇస్తే నీళ్లూ మిగులుతాయి, పంపింగ్ కరెంటూ మిగులుతుంది. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

చివరి కుళాయి:
లైను మొదట్లో ఉన్నవాళ్లకి అలాగే అనిపిస్తుందండి. మా కుళాయికి ముందు గాలి వస్తుంది, తర్వాత సన్నటి ధార, అది బిందె నిండేలోపు బంద్. మేం తక్కువ వాడుతున్నామంటే పొదుపు చేస్తున్నామని కాదు, మాకు అందలేదని.

పంపులపని:
నీళ్ల సంగతి కాసేపు పక్కన పెట్టి కరెంటు దగ్గరే ఆగుదాం. మెయిన్ లైన్‌లో చదరపు సెంటీమీటరుకు 1 కిలో ప్రెషర్ ఉంటే ఆ నీళ్లు సుమారు 10 మీటర్ల ఎత్తుకు వాటంతటవే ఎక్కగలవు. ఆ ప్రెషర్ కోసం ఎక్కడో పెద్ద పంపు కరెంటు తిన్నది. మనం ఏం చేస్తున్నాం? ఆ నీళ్లను గేటు పక్కన సంపులోకి వదిలేస్తున్నాం. సంపులో పడ్డ క్షణంలో ప్రెషర్ మొత్తం సున్నా. తర్వాత మోటారు వేసి మళ్లీ పైట్యాంకుకు ఎక్కిస్తున్నాం. అంటే ఒకే ఎత్తుకు రెండుసార్లు కరెంటు కడుతున్నాం.

ఇంకోటి. రోజంతా పారాల్సిన నీళ్లు రెండు గంటల్లో పారాలంటే పైపులో వేగం పెరగాలి. ప్రవాహం రెట్టింపైతే రాపిడి వల్ల పోయే ప్రెషర్ దాదాపు నాలుగింతలవుతుంది. చివరి ఇళ్లకు గాలి తప్ప నీళ్లు రాకపోవడానికి పెద్ద కారణం ఇదే. అప్పుడు వాళ్లు లైనుకే నేరుగా మోటారు బిగిస్తారు. ఒకరు బిగిస్తే పక్కింటివాళ్లకూ తప్పదు. వీధికి వచ్చే నీళ్లు దాదాపు అంతే, మోటార్లు మాత్రం పది. చివరికి మోటారు గాలి పీల్చడం మొదలవుతుంది, మోత మారుతుంది, చేయి పెడితే పంపు వేడిగా తగులుతుంది. మీటరు తిరుగుతూనే ఉంటుంది, ట్యాంకులో చుక్క పడదు.

రెండో అంతస్తు:
లెక్క చెప్పండి సార్. వెయ్యి లీటర్లు 10 మీటర్లు ఎక్కించడానికి ఎంతవుతుంది?

పంపులపని:
సిద్ధాంతం ప్రకారం 0.027 యూనిట్. ఇంటి పంపు, మోటారు కలిపి తిన్న కరెంటులో 30 శాతమే నీళ్లు ఎక్కించడానికి పనికొస్తుందనుకుంటే 0.09 యూనిట్.

మొదటి కుళాయి:
ఇంతేనా! దీనికోసం ఊళ్ల కింద పైపులన్నీ తవ్విపోయాలంటారా?

పంపులపని:
మోటారు ఒక్కదాన్నే లెక్కేస్తే మీదే గెలుపు, నేనూ ఒప్పుకుంటాను. కానీ నీళ్లు ఆగినప్పుడు పైపు ఖాళీ అవుతుంది. లోపల ప్రెషర్ ఉన్నంతసేపు చిల్లుల్లోంచి నీళ్లు బయటికి కారతాయి. ప్రెషర్ పోయాక, అందులోనూ మోటార్లు లాగేటప్పుడు, బయటి మురికి లోపలికి వస్తుంది. అందుకే ఇళ్లలో నీళ్లు కాచుకుంటాం. 10 లీటర్లను 25 డిగ్రీల నుంచి మరిగించడానికి, ఏ నష్టమూ లేదనుకున్నా, 0.87 యూనిట్‌కు సమానమైన వేడి కావాలి. అంటే వెయ్యి లీటర్లు పైకి ఎక్కించిన మోటారు ఖర్చుకు తొమ్మిదింతలకు పైనే. గ్యాస్ మీద కాస్తే ఇది కరెంటు బిల్లులో కనబడదు కాబట్టి ఎవరూ లెక్కలో వేయరు.

రెండో అంతస్తు:
24 గంటలూ నీళ్లొచ్చే చోట కూడా కాచుకునేవాళ్లు ఉంటారు కదా?

పంపులపని:
ఉంటారు. అలవాటు, భయం ఒక్కరోజులో పోవు. పైగా సంపూ ట్యాంకూ కడగకపోతే లైను ఎంత శుభ్రంగా ఉన్నా లాభం లేదు.

మొదటి కుళాయి:
సరే, చిల్లుల మాట మీరే ఎత్తారు. చిల్లులున్న పైపులో 24 గంటలూ ప్రెషర్ పెడితే 24 గంటలూ కారదా? ఇప్పుడు కనీసం రెండు గంటలే కారుతోంది.

చివరి కుళాయి:
అవునండి, ఇది నిజమే. మాకు 24 గంటలూ అక్కర్లేదు, ఉన్న గంట సరిగ్గా వస్తే చాలు.

పంపులపని:
గట్టి పాయింట్. పాత పైపులు అలాగే ఉంచి వాల్వులు తెరిచేస్తే రిజర్వాయరు ఖాళీ అవుతుంది, ప్రెషర్ పడిపోతుంది, మళ్లీ టైం పెట్టాల్సి వస్తుంది. ఒక్కో ఏరియాని విడగొట్టి, దాని ముందు మీటరు పెట్టి, అర్ధరాత్రి ఎంత పారుతోందో చూడాలి. అందరూ నిద్రపోయే వేళ పారేదాంట్లో ఎక్కువ భాగం లీకే. అది సరిచేశాకే వాల్వు తెరవాలి. రాత్రిపూట ప్రెషర్ తగ్గించినా కారేది తగ్గుతుంది.

ఈలోగా ఇళ్లల్లో చేయగలిగింది ఉంది. కింది అంతస్తు కుళాయికి సంపుతో సంబంధం లేకుండా మెయిన్ నుంచే ఒక లైను లాగండి. ప్రెషర్ బాగా ఉన్న ఇళ్లు పైట్యాంకుకే నేరుగా ఎక్కించి చూడొచ్చు. సంపుకు బాల్ వాల్వ్ (నిండగానే తేలే బంతితో నీళ్లను ఆపేసేది) తప్పనిసరి, నిండాక రోడ్డు మీద పారే నీళ్లు చివరి ఇంటివాళ్ల వాటా. మోటారు వేసిన ప్రతిసారీ నీళ్లు పోసి పట్టించాల్సి వస్తుంటే ఫుట్ వాల్వ్ (సంపులో మునిగే పైపు అడుగున నీళ్లు వెనక్కి పోకుండా ఆపేది) కారుతున్నట్టే, ముందు అది మార్చండి.

రెండో అంతస్తు:
రాత్రి ప్రెషర్ తగ్గిస్తే మా అంతస్తుకు ఎక్కదు కదా?

పంపులపని:
ఎక్కదు. పగలు నిండిన ట్యాంకుతో తెల్లారేదాకా నెట్టుకురావాలి. ఇంకా పై అంతస్తులవాళ్లకు 24 గంటలు ఇచ్చినా మోటారు తప్పదు, వాళ్లకు ఈ లెక్క వేరే వేయాలి.