బొమ్మలు వేసేవాళ్లు తమ పని గురించి రాసుకున్న పుస్తకాలు చెప్పగలరా?

డచ్ చిత్రకారుడు వాన్ గో తన తమ్ముడు థియోకు రాసిన ఉత్తరాలు ఇంగ్లీషులో చదువుతున్నాను. ఆరు వందలకు పైనే ఉన్నాయి. ఏ రంగు పక్కన ఏ రంగు ఎందుకు పెట్టాడో, రంగులు కొనడానికి డబ్బుకు ఎంత ఇబ్బంది పడ్డాడో అన్నీ రాశాడు. బొమ్మ ఎలా పుడుతుందో ఇంత దగ్గరగా చెప్పింది నేనింకెక్కడా చదవలేదు.

తెలుగులో ఇలాంటివి ఏమున్నాయండీ? చిత్రకారుడు, రచయిత సంజీవదేవ్ గారి ఆత్మకథ ‘తెగిన జ్ఞాపకాలు’ నాకు చాలా ఇష్టం. రాజమండ్రిలో దామెర్ల రామారావు గారి బొమ్మలు చూశాక ఆయన గురించీ చదవాలనిపిస్తోంది. 1925లో, ముప్పై ఏళ్లయినా నిండకుండానే పోయారు.

కళాచరిత్ర పాఠ్యపుస్తకాలు వద్దు. చిత్రకారులే రాసుకున్న ఉత్తరాలు, డైరీలు, ఆత్మకథలు కావాలి. పాతవైనా ఫర్వాలేదు, ఏ లైబ్రరీలో దొరుకుతాయో చెబితే వెళ్లి చదువుకుంటాను.