గర్భనిరోధక ఇంజెక్షన్ వల్ల నష్టం జరిగితే హైదరాబాద్‌లో కేసు ఎక్కడ వేయాలి?

మా అక్క వాళ్లది ఉప్పల్. రెండో కాన్పు తర్వాత ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో మూడు నెలలకోసారి వేసే డీఎంపీఏ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. ఏళ్ల తరబడి డబ్బు కట్టి వేయించుకుంది. తలనొప్పి, చూపు మసక అని చెప్పిన ప్రతిసారీ నీరసం అన్నారు. చివరికి ఎంఆర్ఐలో మెనింజియోమా, అంటే మెదడు పొరల్లో గడ్డ, బయటపడింది. క్యాన్సర్ కాదట, కానీ ఆపరేషన్ తప్పదంటున్నారు. ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్.

ఈ మందు ఏడాదికి పైగా వాడినవాళ్లలో ఆపరేషన్ దాకా వెళ్లే మెనింజియోమా ముప్పు ఐదు రెట్లకు పైగా ఉందని 2024లో ఫ్రాన్స్ పరిశోధకులు బీఎంజే అనే వైద్య పత్రికలో రాశారు. ఈ ఇంజెక్షన్ తయారుచేసే ఫైజర్ కంపెనీ మీద అమెరికా ఫెడరల్ (కేంద్ర స్థాయి) కోర్టుల్లో పడిన కేసులను 2025లో ఫ్లోరిడాలోని ఒక ఫెడరల్ కోర్టు ముందు ఒకచోట చేర్చారు. గడ్డ అరుదే, అది మందు వల్లే వచ్చిందని నిరూపించడమూ తేలిక కాదు. అయినా వదిలేయలేం.

మా దగ్గరున్నది ఒక్క ఇంజెక్షన్ కార్డు. అందులో తేదీలు, నర్సు పొట్టి సంతకాలే. కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు లేవు. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధన చెబుతున్నా, రేపు మాపు అని తిప్పుతున్నారు. రాతపూర్వకంగా ఎలా అడగాలి?

వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ల గడువును చివరి ఇంజెక్షన్ నుంచి లెక్కిస్తారా, స్కాన్ తేదీ నుంచా? కంపెనీని, నర్సింగ్ హోమ్‌ను ఒకే ఫిర్యాదులో చేర్చవచ్చా? జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఉచితంగా లాయరును ఇస్తారు కదా, ఇలాంటి కేసు వాళ్ల ద్వారా నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.